ఇంటిపేరు అంగుళం

ఆరు అంకె పక్కన రెండు చిన్న నిలువు గీతలు. చీమ తలంత కూడా ఉండవు. ప్రింటు మీద ఈగ వాలి పోయిందనుకుని వాటిని గోటితో గీకినవాళ్ళని చూశాను. ఆ గీతలుంటే అది ఆరంగుళాల పైపు, తొడంత లావు. లేకపోతే ఉత్త ఆరు. మిల్లీమీటర్ల డ్రాయింగులో ఉత్త ఆరంటే 6 ఎన్.బి. అనే సైజు, పెన్సిలు కంటే కాస్త లావు. ఇలాంటి చోట సాధారణంగా తప్పుగా పడిన సైజు పైపు లోకంలోనే ఉండదు, కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఇక్కడ ఆ ధీమా లేదు. మన దేశంలో ఉక్కు పైపులకి పెట్టుకున్న ఐ.ఎస్. 1239 ప్రమాణం 6 ఎన్.బి.తో మొదలై 150 ఎన్.బి.తో ఆగిపోతుంది. ఆ 150 అన్నదే ఆరంగుళాలు. అంటే పంక్తిలో మొదట కూర్చున్నవాడినీ చివర కూర్చున్నవాడినీ ఒకే అంకెతో పిలుస్తున్నాం. వడ్డించేవాడు ఆ రెండు గీతలు చూసి పోల్చుకోవాలి.

ఒకసారి పోల్చుకోలేకపోయాడు. డ్రాయింగులోంచి మెటీరియల్ లిస్టు తీసి ఎక్సెల్‌లోకి పంపేటప్పుడు గీతలు రాలిపోయాయి. మన కంటికి అవి అంగుళం గుర్తు. కంప్యూటర్‌కి కొటేషన్ గుర్తు. ఎవరో ఏదో అంటున్నారనుకుని గుర్తు తీసేసి, లోపలి మాట మాత్రం అందించింది. మర్నాడు స్టోర్ నుంచి ఫోను. "రావ్‌జీ, ఇది కూలింగ్ వాటర్ లైనా, సెలైన్ బాటిలా?"

నవ్వాను గానీ ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు.

బొమ్మలు గీస్తూ ముప్ఫై ఏళ్ళు దాటింది. బొమ్మలంటే పైపుల బొమ్మలు. ఏ పైపు ఎక్కడ మొదలై ఎక్కడ వంగి ఎక్కడ తేలుతుందో గీయడం తేలిక. దాని పక్కన సైజు రాయడం కష్టం. ఈ మాటంటే మా ఆఫీసు కుర్రాళ్ళు నమ్మరు. వాళ్ళ లెక్కలో గీయడం పని, రాయడం చివర్లో చేసే ముస్తాబు.

మా ఇల్లు సీతారాండేరాలో. సాక్చీ బజారు నుంచి నడిచి రావచ్చు. ఇటు సువర్ణరేఖ, వంతెన దాటితే మానగో. డేరా అంటే గుడారం, నాలుగు రోజులు మకాం వేసి ఎత్తేసేది. మా వీధిలో పెళ్ళిళ్ళప్పుడు తప్ప గుడారం కనబడదు, అన్నీ పక్కా ఇళ్ళే. ఈ ఊళ్ళో పేర్ల వరసే ఇది. బర్మామైన్స్‌లో బర్మా లేదు, గనీ లేదు. ఊరు జంషెడ్‌పూర్, రైలు టిక్కెట్టు మీద మాత్రం టాటానగర్. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి జంషెట్జీ టాటా పేరు పెట్టేదాకా ఊరు సాక్చీ, స్టేషను కాలీమాటీ. కొత్తగా వచ్చినవాళ్ళు టాటానగర్‌లో దిగి జంషెడ్‌పూర్ ఎంత దూరమని అడుగుతారు. ఆటోవాళ్ళు విసుక్కోరు, అలవాటే.

నాన్న అలా అడిగినవాళ్ళలో ఒకడు. 1960ల్లో ఆమదాలవలసలో రైలెక్కి, ఖరగ్‌పూర్‌లో బండి మారి వచ్చాడు. టాటా కంపెనీ తొలి రోజుల నుంచే శ్రీకాకుళం, విశాఖ, గంజాం వైపు జనం ఇక్కడికి వస్తూనే ఉన్నారు. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకుని దానికి ఆంధ్రభక్త అని పేరు తగిలించుకున్నారు. నాన్న ఒక కంట్రాక్టరు దగ్గర పైపు ఫిట్టరుగా చేరి, పైపు ఫిట్టరుగానే రిటైరయ్యాడు. నేను ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, ఆయన బిగించే వస్తువుల్నే కాగితం మీద గీసే పనికి కుదిరాను. మా ఇంట్లో తరాల అంతరం అంటే పానాకీ పెన్సిలుకీ ఉన్నంతే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆదివారం వెర్నియర్ కాలిపర్ ఇంటికి తెచ్చాను. నాన్న దగ్గర అంగుళం పైపు ముక్క ఒకటి ఉండేది, మీడియం క్లాసు, కొస దగ్గర నీలం పట్టీ. పలచనివాటికి పసుపు పట్టీ, మందంవాటికి ఎరుపు. బయట కొలిస్తే 33.7 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. లోపల కొలిస్తే 27 దాటింది. అంగుళమంటే 25.4 కదా, అది ఎక్కడా తగల్లేదు. 25 ఎన్.బి. అంటున్నారు, ఆ 25 కూడా లేదు. కాలిపర్ చెడిపోయిందనుకుని మళ్ళీ కొలిచాను. నాన్న అరుగు మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ చూస్తున్నాడు.

"ఏటి వెతుకుతున్నావురా?"

"అంగుళం, నాన్నా."

"పైపులో అంగుళం ఎక్కడుంటాదిరా? పేరుకే అంగుళం."

ఎన్.బి. అంటే నామినల్ బోర్. దాన్ని తెలుగులో ఏమనాలని ఎవరైనా అడిగితే నామమాత్రపు రంధ్రం అంటాను. వినగానే నవ్వొస్తుంది గానీ, ఆ ఇంగ్లీషు మాట కంటే మనదే దానికి బాగా అతుకుతుంది. రంధ్రం ఉంది, కొలతే పేరుకి మాత్రం.

ఇది ఎవరో మోసం చేయగా వచ్చింది కాదు. ఆవిరి యంత్రాల కాలంలో అంగుళం పైపంటే లోపల దాదాపు అంగుళమే. అప్పటి ఇనుముకి బలం చాలక గోడ మందంగా పెట్టేవారు. పైపుల్ని కలిపే మరలు బయటి ఒంటి మీద కోస్తారు. ఇక్కడి హిందీలో ఆ మరని చూడీ అంటారు, అంటే గాజు. చెయ్యి మారితే పాత గాజు పట్టదు. అందుకని బయటి ఒళ్ళు మారకూడదని కట్టడి చేసుకున్నారు. అమెరికాలో 1862లో ఫిలడెల్ఫియాలోని పాస్కల్ ఐరన్ వర్క్స్‌లో పనిచేసే రాబర్ట్ బ్రిగ్స్ ఆ కొలతల్నీ మరల్నీ ఒక పట్టికలో పెట్టాడు. బ్రిటన్‌ది మరో లెక్క, అక్కడ మర కోణమే వేరు. ఎక్కడైనా జరిగింది మాత్రం ఒకటే. తర్వాత మంచి ఉక్కు వచ్చి గోడ పలచబడింది. బయట మారకూడదు కాబట్టి లోపల పెరిగింది. పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. జి.ఐ. పైపు సంగతీ అంతే కదా, పేరులో ఇనుము, ఒంట్లో ఉక్కు.

సరదా ఏమిటంటే అమెరికా పట్టికలో ఈ బొంకు పన్నెండంగుళాల దాకానే. పద్నాలుగు నుంచి పేరూ ఒళ్ళూ ఒకటైపోతాయి: 14 అంగుళాల పైపు బయటి వ్యాసం 355.6 మిల్లీమీటర్లు, అక్షరాలా పద్నాలుగు అంగుళాలు. పెద్దయ్యాక మాట మీద నిలబడ్డట్టు. ఆరు దగ్గర మాత్రం ఇప్పటికీ పేచీయే. ఐ.ఎస్. 1239లో 150 ఎన్.బి. బయటి వ్యాసం 165.1, అమెరికా పట్టికలో ఆరంగుళాలది 168.3. డ్రాయింగులో రెండింటికీ ఒకటే పేరు. సైటులో ఎదురెదురు పెట్టి వెల్డింగుకి దిగితే అంచులు కలవవు. ఒకే పేరున్న ఇద్దరికీ ఒకే చొక్కా కుట్టినట్టుంటుంది. అందుకే లేబుల్లో సైజుతోపాటు ఏ ప్రమాణమో కూడా రాయమని నేను గొడవ పెడతాను, జాగా లేదని వాళ్ళు గొడవ పెడతారు.

ఈ ఊరు పైపులకి పుట్టినిల్లు కూడా. 1950ల్లో టాటాలు స్టీవర్ట్స్ అండ్ లాయిడ్స్ అనే బ్రిటిష్ సంస్థతో కలిసి ఇక్కడ ఇండియన్ ట్యూబ్ కంపెనీ పెట్టారు. 1980ల్లో అది టాటా స్టీల్లో కలిసి ట్యూబ్స్ డివిజన్ అయింది. ట్యూబ్ కంపెనీ మొదలైన ఆ దశాబ్దంలోనే, 1956లో, పార్లమెంటు తూనికలు కొలతల చట్టం చేసింది. మరుసటి ఏడు ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. ఆ తర్వాత వీశెలు పోయాయి, మణుగులు పోయాయి, శేర్లు పోయాయి. అంగుళం మాత్రం పైపులోకి దూరి దాక్కుంది. ఎంత లాగినా ఈ రోజుకీ బయటికి రాలేదు.

అసలు అంగుళం అన్న మాట మాత్రం మనదా అంటే మనదే, కొలతే మనది కాదు. అంగుళి అంటే వేలు. పాత లెక్కలో ఇరవై నాలుగు అంగుళాలు ఒక మూర. మూరంటే అడుగున్నర, పద్దెనిమిది ఇంచీలు. భాగిస్తే మన అంగుళం ముప్పావు ఇంచీ అవుతుంది. తెల్లవాడి ఇంచీ వచ్చినప్పుడు దానికి కొత్త పేరు పెట్టే ఓపిక లేక మన వేలి పేరే పెట్టేశాం. ఆ లెక్కన చూస్తే బజారులో ముప్పావు పైపు అని అమ్మేదే అసలైన తెలుగు అంగుళం పైపు. దాన్ని బయట కొలిస్తే 27 మిల్లీమీటర్లకి దగ్గర, అంటే కొంచెం ఎక్కువగా ఒక ఇంచీ. ఈ సంగతి పట్టుకున్న రోజు ఎవరికైనా చెబుదామని తెగ తపన పడ్డాను. మా ఆవిడకి చెప్పాను. "ముందు బాత్‌రూమ్‌లో కారుతున్న దాని సంగతి చూడండి" అంది.

భిన్నాల విషయంలో మా తాత నాకంటే అదృష్టవంతుడు. ఊళ్ళో కరణం దగ్గర లెక్కలు రాసేవాడు. పాత తెలుగు లెక్కల్లో కాలుకి ఒక నిలువు గీత, అరకి రెండు, ముక్కాలుకి మూడు. పదహారో వంతు వీసం, దానికి అడ్డగీత. రెండు అడ్డగీతలు పరక, మూడైతే మువ్వీసం. అన్నీ నాలుగో వంతులు, మళ్ళీ వాటిలో నాలుగో వంతులు. సామెతలో హళ్ళికి హళ్ళి అంటామే, ఆ హళ్ళి ఈ భిన్నాల లెక్కలో సున్న. 2008లో ఈ గుర్తుల్ని యూనికోడ్‌లో చేర్చారు. కాబట్టి ఇప్పుడు కంప్యూటర్‌కీ వస్తాయి, మనకే రావు. అంగుళాన్ని సగం చేసి, సగాన్ని సగం చేసి, పదహారో వంతు దాకా పోయే స్కేలుకి ఇంతకంటే అచ్చొచ్చే లిపి ఉండదు. కాకపోతే ఒక చిక్కు. మా తాత ముందు నా డ్రాయింగు పరిచి ఆరు పక్కన రెండు నిలువు గీతలు చూపిస్తే, తడుముకోకుండా ఆరున్నర అని చదివేవాడు.

ఇక్కడి ఫిట్టర్లు పలికేది సూత్. సూత్ అంటే నూలుపోగు, కొలతలో అంగుళంలో ఎనిమిదో వంతు. చార్ సూత్ అంటే అర, ఛే సూత్ అంటే ముప్పావు. వాళ్ళకి భిన్నం అక్కర్లేదు. లవం లేదు, హారం లేదు, పోగులు లెక్కపెట్టుకోవడమే. పాయింటు ఎక్కడ పెట్టాలన్న బాధ లేని ఇంత శుభ్రమైన పద్ధతి నాకు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ దొరకలేదు. డ్రాయింగు మీద 4 సూత్ అని రాసే ధైర్యం మాత్రం చేయలేదు. చేయాలని ఉంది.

ఒకటిన్నర. పైపుల బొమ్మల్లో నాకు అన్నిటికంటే కోపం తెప్పించే సైజు ఇదే.

బోర్డు మీద గీసే రోజుల్లో ఇది ముద్దుగా ఉండేది. ట్రేసింగ్ కాగితం మీద రోట్రింగ్ పెన్నుతో, పెద్ద స్టెన్సిల్ పెట్టి ఒకటి, చిన్న స్టెన్సిల్ పెట్టి పైన ఒకటి, మధ్య గీత, కింద రెండు. చివర చెయ్యి గాల్లోకి లేపి రెండు గీతలు. స్టెన్సిల్ తడి సిరా మీద జరిగితే అలుక్కునేది. ఆరేదాకా ఆగి బ్లేడుతో మెల్లిగా గీకి, గోటితో ఆ చోటు నునుపు చేసి మళ్ళీ రాయాలి. ఒక ఒకటిన్నరకి అర నిమిషం పట్టేది. అర నిమిషం పట్టే పనిలో మనిషి తప్పు రాయడు, బద్ధకం కొద్దీ అయినా.

ఆటోకాడ్ మొదటిసారి బజారులోకి వచ్చింది 1982 చివర్లో. మా దాకా రావడానికి మరో పదేళ్ళు పైగా పట్టింది. అది వచ్చాక ఒకటిన్నర రాయడానికి నాలుగు దారులు దొరికాయి. నాలుగూ గోతిలోకే. ఒకటి కొట్టి, ఖాళీ ఇచ్చి, 1/2 కొట్టామనుకోండి: పెట్టె ఇరుకైతే ఒకటి పై వరసలో ఉండిపోయి అర కింది వరసకి జారుతుంది. ఫిట్టరు కింది వరస చూసి అరంగుళం పైపు కోస్తాడు. ఖాళీ ఇవ్వకపోతే 11/2, అంటే అయిదున్నర. సరే, మధ్యలో హైఫన్ పెడదాం, లోకమంతా పెడుతోంది. లెక్కల మాస్టారు చూస్తే ఒకటిలోంచి అర తీసేస్తే అర అంటాడు. ఇవన్నీ ఎందుకని ½ అన్న ఒకే అక్షరం పెట్టామా, ఆ ఫాంటులో అది లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం తేలుతుంది. ఒకటీ ప్రశ్నార్థకం అంగుళాల పైపు. ఒక ఫిట్టరు ఆ ప్రింటు చేత్తో పట్టుకుని పైకొచ్చి, ఎంతో మర్యాదగా అడిగాడు: "సాబ్, మీకే అనుమానం ఉంటే నేనేం బిగించను?"

సున్నాల గొడవ దీనికి తమ్ముడు. డిమ్‌జిన్ అని ఒక చిన్న సెట్టింగు ఉంది. దాని విలువ 8 పెడితే దశాంశం తర్వాత చివర వేలాడే సున్నాలు పోతాయి. మంచిదే. 50.00 ఎన్.బి. అని రాసి ఉన్న డ్రాయింగు చూస్తే నాకు నవ్వాగదు. నామమాత్రానికి రెండు దశాంశాల నిజాయితీ! కానీ అదే సెట్టింగు 12 పెడితే ముందున్న సున్న కూడా ఎగిరిపోయి 0.5 కాస్తా .5 అవుతుంది. ఆ చుక్క మూడో జిరాక్సులో ఎక్కడుంటుందో దేవుడికి తెలియాలి.

ప్రమాణాల తికమక గురించి రాసేవాళ్ళందరూ 1999లో అంగారకుడి దాకా వెళ్ళి పోయిన అమెరికా నౌక కథ చెబుతారు. నాకు అంత దూరం పోనక్కర్లేదు. మా పక్క టేబులు దాకా పోతే చాలు.

కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు, చురుకైనవాడు. అంగుళాల్లో ఉన్న పాత ప్రాజెక్టుని మిల్లీమీటర్లలోకి మార్చమంటే సాయంత్రానికల్లా మార్చేశాడు. గీతలన్నీ 25.4 రెట్లు పెరిగి చక్కగా కూర్చున్నాయి. ఆ ఊపులో లేబుళ్ళని కూడా వదల్లేదు, వాటినీ 25.4తో గుణించే ఏర్పాటు చేశాడు. ఒకటిన్నర అంగుళాల పైపు 38.1 ఎన్.బి. అయింది. రెండున్నర, 63.5. మూడు, 76.2. నాలుగు, 101.6. షీటు మీద షీటు, పొరపాటున ఒక్క గుణకారం కూడా తప్పు లేదు. ఒక్క పైపు కూడా బజారులో లేదు. ఒకటిన్నరని మెట్రిక్‌లో 40 అంటారు, రెండున్నరని 65, మూడుని 80, నాలుగుని 100.

"సార్, మూడుని 25.4తో గుణిస్తే 80 ఎలా వస్తుంది?" అన్నాడు. వాడి మొహంలో నిజంగానే బాధ ఉంది.

వాడికి ఏం చెప్పాలి? మీ నాన్న పేరుని హిందీలోంచి ఇంగ్లీషులోకి అనువాదం చేస్తావా అని అడిగాను. చేయను సార్ అన్నాడు. ఇది కూడా చేయకూడదురా అన్నాను. మూడంగుళాల పైపుకి రెండో ఊళ్ళో 80 అని పిలుపు. ఒక చోట చిన్నోడు, ఇంకో చోట బాబ్జీ. ఏ ఊళ్ళో ఏమంటారో తెలుసుకోవాలి తప్ప లెక్క వేస్తే రాదు. ఆ మర్నాటి నుంచి మా డ్రాయింగుల్లో పైపు సైజు అంకెల గడిలోంచి మాటల గడిలోకి మారింది. మాటగా రాస్తే దాన్ని ఏ ప్రోగ్రామూ గుణించదు, సవరించదు, సున్నాలు తగిలించదు.

వ్యాసం గుర్తు మీద కూడా నాకు పట్టింపుంది. రెండు పర్సెంటు గుర్తులు, పక్కన సి అక్షరం కొడితే అడ్డగీటు కొట్టిన సున్న వస్తుంది కదా, చూడ్డానికి బాగుంటుందని దాన్ని ప్రతి సైజు ముందూ అతికిస్తారు. ఆ గుర్తు ఉంటే కొలిచి చూసుకో అని అర్థం. 50 ఎన్.బి.ని కొలిస్తే బయట 60 చిల్లర, లోపల 53 దాకా. గుర్తు అబద్ధం ఆడినట్టే. పి.వి.సి. పైపులకైతే ఆ గుర్తు న్యాయమే, వాటికి పెట్టిన పేరు బయటి వ్యాసం. 110 పి.వి.సి. అంటే బయట 110. మా శ్రీకాకుళం చుట్టాలు పొలంలో రెండున్నర ఇంచీల పైపు వేశామంటే దాని మీద 75 అని అచ్చేసి ఉంటుంది. ఒకే బాత్‌రూమ్ బొమ్మలో 110 పి.వి.సి., 100 ఎన్.బి. పక్కపక్కన ఉంటాయి, మేస్త్రీ నోట రెండూ నాలుగంగుళాలే. ఒకటి ఒంటిని బట్టి పెట్టిన పేరు, రెండోది ముత్తాతల నుంచి వచ్చిన పేరు. పైపు దేనితో చేసిందో తెలియకుండా సైజు చదవకూడదు.

ముత్తాతలంటే గుర్తొచ్చింది. మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. శ్రీకాకుళం వైపే ఎక్కడో ఉంటుంది. మావాళ్ళెవరూ ఆ ఊళ్ళో ఉన్నట్టు మా తాతకి కూడా గుర్తు లేదు. ఎప్పుడో ఆ ఊరు మావాళ్ళకి సరిగ్గా సరిపోయి ఉంటుంది, మందం గోడ రోజుల్లో అంగుళానికి సరిపోయినట్టు. జంషెడ్‌పూర్ వచ్చాక ఇంటిపేరు కాస్తా పొడి అక్షరం అయి, పేరు చివర ఉండే రావు ఇంటిపేరు స్థానంలో కూర్చుంది. బడిలో, బ్యాంకులో, గ్యాసు ఏజెన్సీలో రావులమే. మా వీధిలో ఒకరికొకరు ఏమీ కాని ఆరు ఇళ్ళ రావులున్నారు. ఎవరి ఉత్తరమో ఎవరికో వచ్చేది. డ్రాయింగు మూల గళ్ళపట్టీలో గీసినవారు అన్న గడి మూడు అక్షరాలకి మించి పట్టదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గడిలో రావు అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలే పెడుతున్నాను. సరిపోతుందని పెట్టాను తప్ప అది నా కొలత కాదు. దాన్ని చూసి సైటువాళ్ళు నాకే ఫోను చేస్తారు. ఇంకో రావుకి ఎప్పుడూ చేయలేదు.

మొన్న కార్తీకంలో బాత్‌రూమ్ గోడ పగలగొట్టక తప్పలేదు. నాన్న బిగించిన జి.ఐ. లైను, నలభై ఏళ్ళ పైది. ప్లంబర్ కుర్రాడు వచ్చి సిమెంటు కొట్టి చూశాడు. తుప్పు పొరలు పొరలుగా లేచి, పైపు బయట ఏ లావుందో చెప్పలేని స్థితి. పట్టీ రంగు ఏనాడో పోయింది. మిగిలిన లైనుకి కొత్త ముక్క జోడించాలంటే సైజు తెలియాలి. టేపు పెట్టాడు, ఒక చోట 25, ఇంకో చోట 29. ఫోనులో నాకు నేనే గీసుకున్న ఇంటి పైపుల బొమ్మ ఉంది. తీసి చూశాను. ముప్పావు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం.

ఎనభై దాటిన నాన్న కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. "జరగండిరా" అన్నాడు. కుర్రాడు పీట వేశాడు. ఆయన కూర్చుని, కోసిన కొస దగ్గర తుప్పు పంచె అంచుతో తుడిచి, చూపుడు వేలు పెట్టాడు. వదులుగా తిరిగింది. వేలు తీసి బొటనవేలు పెట్టాడు. కణుపు దగ్గర కాస్త పట్టి, లోపలికి దిగింది.

"ముప్పావు" అన్నాడు. "ఛే సూత్. ఏటి, రాసీసుకున్నావా?"

ఫోను జేబులో పెట్టుకుని సాక్చీ బయలుదేరాను.